చిట్టెం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు



ఈ బ్లాగులో ఇంతవరకు ఛందస్సు, నిఘంటువులు, పాత వాచకాలు – ఇవే విషయాలుగా వ్రాస్తూ వచ్చాను. నేడు సిమెంటును గురించి వ్రాయబూనడం చూచి "తెలుగు పండితునికి ఈ ఇసుక, కంకరల గొడవ ఏల?" అని కొందరు నవ్వుకోవచ్చును. నవ్వినా సరే, తుదివరకు చదవవలసినదిగా మనవి. ఈ టపా పైకి సిమెంటును గురించినదే గాని, దీని అడుగున ఉన్నది మాటను గురించిన బాధ. ఒక వస్తువుకు మనం పెట్టిన పేరు, దానిని గురించి మనం చెప్పిన మాట, చెప్పక వదిలిన మాట – ఇవన్నీ ఇంటి శ్లాబు మన్నికను కూడ నిర్ణయిస్తాయని నా అభిప్రాయం.

ఉక్కు కర్మాగారాలలో ఇనుముతో పాటు పుట్టే చిట్టెమును సిమెంటులో, కాంక్రీటులో వాడవచ్చునా, కూడదా? ఉక్కు పోగులను కాంక్రీటులో కలిపితే లాభమా, నష్టమా? విశాఖ తీరానికి చేరువలో ఉండేవాడిని గనుక ఈ ప్రశ్నలు తరచుగా నా చెవిని పడుతుంటాయి. ఇల్లు కట్టుకొనే ప్రతివారూ అడుగుతారు; ప్రతి దుకాణదారుడూ ఒక జవాబు చెబుతాడు; ఆ జవాబులలో ఏ రెండూ కలవవు. నా జవాబు ముందుగానే చెబుతాను. చిట్టెం మంచిదే, పోగులూ మంచివే, కాని రెండింటికీ ఒక వ్యాకరణం ఉన్నది. ఆ వ్యాకరణం కాంక్రీటు పోసే మేస్త్రికి తెలుగులో చెప్పినవారు లేరు. దోషమంతా అక్కడ ఉన్నది.

మొదట పేరు సంగతి చూద్దాం. ఇంగ్లీషులో స్లాగు అనే దానికి మన భాషలో "చిట్టెం" అనే చక్కని మాట ఉన్నది. సంస్కృతంలో కిట్టమన్నారు. అమరకోశం మండూరమనీ, సింహాణమనీ రెండు పేర్లు చెప్పి, అది లోహపు మలమని అర్థం కూడ చెప్పింది. మలమన్న తరువాత ఇక దానిని ఎవరు ముట్టుకొంటారు? అయినా మన వైద్యులు ముట్టుకొన్నారు. పాండురోగానికి వాడే మండూర భస్మం ఈ చిట్టెమునుండి చేసినదే. రసశాస్త్ర గ్రంథాలు ఇంకొక షరతు కూడ పెట్టాయి. నూరేళ్ళు దాటిన చిట్టెం ఉత్తమమట, ఎనభై ఏళ్ళది మధ్యమమట, అరవై ఏళ్ళది అధమమట; అంతకు తక్కువ వయసుది విషంతో సమానమట. అనగా, పారవేసిన పదార్థంలోనూ గుణం ఉన్నది, కాని ఏది వాడాలో, ఎప్పుడు వాడాలో తెలిసి వాడాలి అని వారి భావం. ఈ మాట కొంచెం గుర్తు పెట్టుకోండి. నేటి ఇంజనీర్లు ఒక రకపు చిట్టెమును గురించి దాదాపు ఇదే మాట అంటున్నారు.

ఉత్తర తెలంగాణలో, నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం వంటి గ్రామాలలో ఒకప్పుడు తయారైన ఉక్కు పారశీక దేశం వరకు పోయి ఖడ్గాలుగా మారిన సంగతి చరిత్ర చదివినవారికి తెలిసినదే. ఆ కొలుములు ఆరిపోయి ఎన్నో తరాలు గడిచాయి. ఉక్కు దేశాంతరాలకు పోయింది. చిట్టెపు దిబ్బలు మాత్రం ఊళ్ళ వెలుపల మిగిలిపోయాయి. ఉక్కు ఉన్నచోట చిట్టెం తప్పదు. ఇనుపరాతిలో ఇనుముతో పాటు ఉండే మట్టి, ఇసుకల వంటి మలినాలను సున్నపురాయి తనలో కలుపుకొని కరగి, ద్రవరూపమైన ఇనుముపైన తేలుతుంది. ఆ తేలినదే చిట్టెం. ఒక టన్ను ఇనుము తీస్తే సుమారు 300 నుండి 400 కిలోల చిట్టెం పుడుతుంది. ఖనిజం నాసిదైతే ఇంకా ఎక్కువే.

విశాఖలోని ఉక్కు కర్మాగారానికి ఏడాదికి 73 లక్షల టన్నుల ద్రవ ఉక్కు తీసే శక్తి ఉన్నది. అక్కడి మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. పేర్లు పెట్టినవారికి నమస్కారం. 1966 లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అని ఉద్యమించి, 32 మంది ప్రాణాలు పోయిన తరువాత మనకు దక్కిన కర్మాగారమది. 1971 లో శంకుస్థాపన జరిగింది. 1992 లో జాతికి అంకితమయింది. ఉక్కు మన హక్కు అన్నాం, బాగున్నది. మరి ఆ ఉక్కుతో పాటు లక్షల టన్నులుగా పుట్టే చిట్టెం ఎవరి హక్కు? ఎవరి బాధ్యత? దానిని గురించి మనం నినాదం కాదు గదా, ఒక చిన్న వ్యాసమైనా వ్రాసుకోలేదు.

ఇక వస్తువు సంగతి. చిట్టెం ఒకటి కాదు, రెండు. అసలు చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఇంగ్లీషులో రెండింటినీ స్లాగు అనే పిలవడం వలన మన వ్యవహారంలోనూ రెండూ కలిసిపోయాయి. బ్లాస్ట్ ఫర్నేసులో ఖనిజం కరగి ఇనుము అయినప్పుడు వచ్చేది ఒకటి. ఆ ఇనుమును మళ్ళీ మరొక కొలిమిలో శుద్ధి చేసి ఉక్కుగా మార్చినప్పుడు వచ్చేది ఇంకొకటి. మొదటిదానిని ఇనుప చిట్టెమనీ, రెండవదానిని ఉక్కు చిట్టెమనీ ఈ టపాలో పిలుస్తాను. తల్లి ఒకతే అయినా ఈ ఇద్దరు బిడ్డల స్వభావాలు వేరు.

ఇనుప చిట్టెమును కరగి ఉన్నప్పుడే జోరైన నీటిధారతో ఒక్కసారిగా చల్లార్చితే అది ఇసుకవంటి రేణువులుగా విడిపోతుంది. నెమ్మదిగా చల్లారి ఉంటే స్ఫటికాలు కట్టి ఉత్త రాయి అయ్యేది. చప్పున చల్లారడం వలన స్ఫటికం కట్టే వ్యవధి లేక గాజువలె నిలిచిపోతుంది. ఆ గాజుతనంలోనే దాని శక్తి దాగి ఉన్నది. దానిని మెత్తగా పొడి చేసి, సున్నమూ నీరూ తోడు చేస్తే, సిమెంటువలె గట్టిపడుతుంది. ఈ గుణాన్ని 1862 లో జర్మనీలో ఎమిల్ లాంగెన్ అనే ఆయన గుర్తించాడు. అంటే ఇది నిన్న మొన్న వచ్చిన ప్రయోగం కాదు. నూటఅరవై ఏళ్ళు దాటిన విద్య. మన దేశంలో స్లాగు సిమెంటుకు ఐ.ఎస్. 455 అనే ప్రమాణం ఉన్నది. దాని ప్రకారం సిమెంటులో చిట్టెపు పొడి నూటికి 25 నుండి 70 పాళ్ళ వరకు ఉండవచ్చు. అంటే 50 కిలోల సంచిలో పన్నెండున్నర కిలోల నుండి ముప్పైయైదు కిలోల వరకు చిట్టెమే అన్నమాట. ఆ పొడిని విడిగా కాంక్రీటులో కలుపుకోవడానికి కూడ 2018 లో ఐ.ఎస్. 16714 అనే ప్రమాణం వచ్చింది.

ఇది కల్తీ కాదా అని ఒక మిత్రుడు అడిగాడు. దొంగచాటుగా కలిపితే కల్తీయే. చెప్పి, కొలిచి, పరీక్షించి కలిపితే అది మిశ్రమం. పాలలో నీళ్ళు కలపడమూ, పాలలో తోడు వేయడమూ రెండూ కలపడమే. కాని ఒకటి పాలను చెడగొడుతుంది, ఇంకొకటి పెరుగు చేస్తుంది.

ఈ పెరుగు ఎట్లా తోడుకొంటుందో చెబుతాను. సాధారణ సిమెంటు నీటితో కలిసినప్పుడు రెండు వస్తువులు పుడతాయి. ఒకటి కంకరను, ఇసుకను అంటించి పట్టుకొనే జిగురు, రెండవది సున్నం. జిగురు బలాన్నిస్తుంది. సున్నం ఊరక పడి ఉంటుంది. నీరు తగిలితే కరగి బయటకు వచ్చి, గోడలపై తెల్లని చారలు కడుతుంది. చిట్టెపు పొడి ఆ సున్నాన్ని ఆసరా చేసుకొని మేలుకొని, తాను కూడ మరికొంత జిగురుగా మారుతుంది. ఆ కొత్త జిగురు కాంక్రీటులోని సన్నని రంధ్రాలను పూడుస్తుంది. రంధ్రాలు పూడితే ఉప్పు లోనికి పోవడం తగ్గుతుంది.

మా తీరప్రాంతంలో ఈ ఉప్పే అసలు శత్రువు. సముద్రపు గాలిలోని లవణం కాంక్రీటులోనికి మెల్లగా దిగి, లోపలి చువ్వను చేరి, తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలినుండి తన్ని పైపెచ్చును ఊడగొడుతుంది. భీమునిపట్నం నుండి కళింగపట్నం వరకు తీరం వెంబడి ఇళ్ళ బాల్కనీల అడుగుభాగాలు చూచినవారికి నేను వర్ణించి చెప్పనవసరం లేదు. పెచ్చులూడి చువ్వలు బయటపడిన శ్లాబుకింద పిల్లలు చదువుకొంటూ ఉంటారు. ఇటువంటి చోట చిట్టెపు సిమెంటు తగిన మందు. కాని దానినే మా వైపు కొందరు "నాసి సిమెంటు" అని త్రోసివేస్తారు.

దానికి రెండవ సుగుణం కూడ ఉన్నది. సిమెంటు కోసం 100 పాళ్ళ శుద్ధమైన సున్నపురాయిని కాలిస్తే 44 పాళ్ళు బొగ్గుపులుసు వాయువై ఆకాశంలో కలుస్తుంది. కాల్చడానికి వాడే బొగ్గు పొగ దీనికి అదనం. చిట్టెంలోని సున్నం ఉక్కు కొలిమిలో ఒకసారి ఎలాగూ కాలినదే. దానిని మళ్ళీ కాల్చనవసరం లేదు, పొడి చేస్తే చాలు. వాడిన మేరకు కొత్తగా కొండలు తవ్వే పని, కొత్తగా పొగ వదిలే పని తగ్గుతాయి. అంతమాత్రాన చిట్టెపు సిమెంటు వాడి భూమాతను ఉద్ధరించామని చాటుకోవడం కూడ అతిశయోక్తియే. ఉక్కు తీసేటప్పుడు రావలసిన పొగ వచ్చే ఉన్నది. పైగా బ్లాస్ట్ ఫర్నేసులు లేని ఉక్కు తయారీ పెరిగిననాడు ఈ చిట్టెమూ తగ్గుతుంది. ఉన్నదానిని వృథా చేయకుండా వాడుకోవడం గృహస్థ ధర్మం. అంతకు మించి బిరుదులు అక్కరలేదు.

ఇన్ని సుగుణాలుంటే చెడ్డపేరెందుకు వచ్చింది? ఇక్కడ మేస్త్రి ప్రవేశిస్తాడు. మా వీధిలో ఇల్లు కడుతున్న ఒక అనుభవజ్ఞుడైన మేస్త్రితో ఒకనాడు మాట్లాడాను.

"ఏం నాయనా, ఈ స్లాగు సిమెంటు వాడవేం?" అన్నాను.

"అది తొందరగా పట్టదు మాస్టారూ. వారానికి సెంట్రింగు ఊడదీస్తే మెత్తగా ఉంటాది. పేరు పోయేది మాది గదండీ" అన్నాడు.

"మరి దానికి ఎన్నాళ్ళు నీళ్ళు పట్టాలో నీకెవరైనా చెప్పారా?"

"ఎవురు చెప్తారండి? సంచి మీద అంతా ఇంగ్లీషే గదా!"

ఈ నాలుగు మాటలలో సమస్య అంతా ఉన్నది. మేస్త్రి పరిశీలన తప్పు కాదు. చిట్టెపు సిమెంటుకు తొలివారంలో బలం తక్కువగానే వస్తుంది. సాధారణ సిమెంటు చురుకైన విద్యార్థి వంటిది. ఇది నెమ్మదిగా అర్థం చేసుకొని మరువకుండా నిలుపుకొనే విద్యార్థి వంటిది. 28 రోజులకు రెండూ దాదాపు ఒకచోట నిలుస్తాయి. ఆ తరువాత కూడ రెండవది బలం పుంజుకొంటూనే ఉంటుంది. కాని ఆ నెమ్మది విద్యార్థికి గడువు ఇవ్వాలి, నీరు ఇవ్వాలి. కాంక్రీటుకు సంబంధించిన మన ప్రమాణ గ్రంథం ఐ.ఎస్. 456 యొక్క 2000 నాటి ప్రతి ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు నీళ్ళు పట్టాలి; మిశ్రమ సిమెంటుకు కనీసం 10 రోజులు, సాధ్యమైతే 14 రోజులు. నాలుగున్నర మీటర్ల లోపు శ్లాబుకు 7 రోజుల తరువాత, అంతకు మించినదానికి 14 రోజుల తరువాత అడుగు ఊతలు తీయవచ్చునని చెప్పి, ఈ గడువులు సాధారణ సిమెంటుకేననీ, ఇతర సిమెంట్లకు తగినట్లు మార్చుకోవాలనీ కూడ చెప్పింది. ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నది. సెంట్రింగు ఊడదీసే చేతులు తెలుగు చదువుతాయి. ఆ రెండింటి మధ్య వంతెన లేదు.

మూడు రోజులు నీళ్ళు చల్లి, నాలుగవనాడు ఎండకు వదిలి, వారానికి సెంట్రింగు లాగివేస్తే చిట్టెపు కాంక్రీటు సగం చదువుతో బడి మానిన పిల్లవాని వలె మిగిలిపోతుంది. జిగురు తయారు కాదు, రంధ్రాలు పూడవు. సున్నమూ తగ్గిపోయి ఉంటుంది గనుక గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఇంకా సులువుగా లోనికి దిగుతుంది. అప్పుడది సాధారణ సిమెంటుకంటె హీనమే అవుతుంది. దానిని చూచి "చిట్టెం పనికిరాదు" అని తీర్పు చెబుతాం. పాఠం చెప్పకుండా పరీక్ష పెట్టి, తప్పాడని విద్యార్థిని తిట్టినట్లున్నది.

ఇక రెండవ బిడ్డ ఉక్కు చిట్టెం. ఇది గట్టిది, బరువైనది. చూడడానికి నల్లని కంకరవలె ఉంటుంది. కంకర ధరలు మండిపోతున్న ఈ కాలంలో "చవకగా వస్తున్నది, కాంక్రీటులో వేద్దాం" అనే బుద్ధి పుట్టడం సహజం. ఇక్కడ జాగ్రత్త కావాలి. దీనిలో కలిసిపోకుండా మిగిలిన సున్నం ఉంటుంది. అది తేమ తగిలినప్పుడు నెలలకో ఏళ్ళకో పొంగుతుంది. రాతిసున్నం నీటిలో వేస్తే పొంగి పగలడం మనలో చాలామంది చిన్ననాడు చూచినదే. అదే పని శ్లాబు కడుపులో జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అందువలన దీనిని నెలల తరబడి ఆరుబయట తడికి, ఎండకు వదలి, ఆ పొంగు తీరిన తరువాతనే వాడాలంటారు. పాత చిట్టెమే ఉత్తమమన్న మన వైద్యుల మాట ఇప్పుడు గుర్తు చేసుకోండి. వారు చెప్పినది మందుకు, వీరు చెప్పేది కట్టడానికి. కారణాలు వేరైనా "కాలానికి అప్పగించి తీసుకో" అన్న హితవు ఒక్కటే.

కంకర, ఇసుకల ప్రమాణమైన ఐ.ఎస్. 383 ను 2016 లో సవరించినప్పుడు ఈ భేదాన్ని లెక్కలతో సహా చూపించారు. ఇనుప చిట్టెపు కంకరను చువ్వలేని కాంక్రీటులో నూటికి 50 పాళ్ళ వరకు, చువ్వలున్న కాంక్రీటులో 25 పాళ్ళ వరకు వాడవచ్చును. ఉక్కు చిట్టెపు కంకరను చువ్వలేని కాంక్రీటులో 25 పాళ్ళ వరకే వాడాలి. చువ్వలున్న కాంక్రీటులో బొత్తిగా కూడదు. మన వ్యాకరణంలో వైరి సమాసమని ఒకటున్నది. రెండు పదాలూ మంచివే అయినా వాటి స్వభావం తెలియక కలిపితే అది దోషం. ఇంటి శ్లాబులో ఉక్కు చిట్టెం వేయడం అటువంటి వైరి సమాసం. అదే ఉక్కు చిట్టెం రహదారికి చక్కగా ఒదుగుతుంది. 2022 లో గుజరాతులోని సూరత్ దగ్గర హజీరాలో, కేంద్ర రహదారి పరిశోధన సంస్థ తోడ్పాటుతో, శుద్ధి చేసిన ఉక్కు చిట్టెంతో సుమారు ఒక కిలోమీటరు పొడవున ఆరు వరుసల రహదారి వేశారు. భారీ లారీలు తిరిగే దారి అది. తగిన చోట పడితే మలమే మాణిక్యమవుతుంది.

చివరగా పోగుల సంగతి. కాంక్రీటును నొక్కితే ఓర్చుకొంటుంది, లాగితే పగులుతుంది. అందుకే చువ్వలు వేస్తాం. చువ్వలకు తోడుగా సన్నని ఉక్కు పోగులను కాంక్రీటు నిండా చల్లితే ఎట్లుంటుందని 1963 లో అమెరికాలో రొముఆల్డీ, బాట్సన్ అనేవారు ప్రచురించిన పరిశోధన ఈ కాలపు ప్రయోగాలకు దారి చూపింది. ఆలోచన మనకు కొత్తది కాదు. మట్టిగోడ పెట్టేటప్పుడు మన పెద్దలు గడ్డి తరిగి బురదలో కలిపి తొక్కేవారు. గోడ ఆరి బీటలు వారకుండా ఆ గడ్డిపరకలే పట్టి ఉంచేవి. గడ్డిపరక చేసిన పనినే ఉక్కు పోగు చేస్తుంది. మూడు నుండి ఆరు సెంటీమీటర్ల పొడవుతో, సూది మందాన, కొసలు కొక్కెంవలె వంచి ఉంటుంది. అది మొదటి బీటను రానీయకుండా ఆపుతుందని అనుకోవడం పొరపాటు. బీట వచ్చిన తరువాత దాని రెండు అంచులనూ పట్టుకొని, అది పెరగకుండా చూస్తుంది.

ఒక ఘనమీటరు కాంక్రీటులో నూటికి ఒక పాలు పోగులు కావాలంటే 78.5 కిలోలు పడతాయి. గోదాముల నేలలకు సాధారణంగా 20 నుండి 40 కిలోల వరకు వేస్తారు. బరువులు మోసే నేలలు, సొరంగాల గోడలు, కాంక్రీటు రోడ్లు – ఇవి పోగులకు తగిన స్థానాలు. ఇంటి దూలానికీ, శ్లాబుకూ అసలు చువ్వ స్థానంలో వీటిని వాడడం కూడదు. చువ్వ వాక్యంలో క్రియ వంటిది. పోగులు విశేషణాల వంటివి. విశేషణాలు ఎన్ని చేర్చినా క్రియ లేక వాక్యం నిలబడదు. దుకాణాలలో సంచికొక పొట్లం చొప్పున అమ్మే ప్లాస్టిక్ పోగులూ అంతే. కాంక్రీటు, ప్లాస్టరింగు తడి ఆరేటప్పుడు వచ్చే సన్నని పగుళ్ళను తగ్గించడం వాటి పని. "ఇది కలిపితే చువ్వ తగ్గించవచ్చు" అని ఎవరైనా చెబితే ఆ మాటకు చెవి ఒగ్గకండి.

ఇటీవల ఇంజనీరింగు కళాశాలల పిల్లలు లేతు మిషను తురుమును, పాత టైర్లలోని ఉక్కు తీగలను కాంక్రీటులో కలిపి ప్రయోగాలు చేస్తున్నారు. మెచ్చుకోదగినదే. అయితే తురుముకు నూనె అంటి ఉంటుంది. నూనె కడగకపోతే సిమెంటు పట్టుకోదు. మెలికలు తిరిగి, పొట్టీ పొడుగూ కలిసి ఉంటుంది. కలిపేటప్పుడు ఉండ కడుతుంది. టైరు తీగకు రబ్బరు వదిలించాలి. ఇవన్నీ చేసి, దిమ్మెలు పోసి, 28 రోజులకు నలగగొట్టి, ఫలితాలను ఇంగ్లీషులో వ్రాసి, చక్కగా బైండు చేసి అటకెక్కిస్తున్నారు. మరుసటి ఏడు మరొక జట్టు అదే పని మొదటినుండి మొదలుపెడుతుంది. ఆ పిల్లలలో అధికులు తెలుగువారే. వారి ఊళ్ళో ఇళ్ళు కట్టే మేస్త్రులూ తెలుగువారే. ఆ నివేదికతో పాటు తెలుగులో ఒక్క పుట వ్రాసి ఇవ్వాలని నియమం పెడితే ఎంత మేలు! ఒక్క పుట తెలుగు వ్రాయవలసి వచ్చినప్పుడు, తాము చేసినది తమకే ఎంతవరకు అర్థమైనదో కూడ బయటపడుతుంది.

ఇక్కడ మన బాధ్యత కూడ ఉన్నది. అంతర్జాలంలో తెలుగు వ్రాయడం మొదలుపెట్టిన తొలినాళ్ళలో మనం టపా అన్నాం, వ్యాఖ్య అన్నాం, జాలం అన్నాం. కంప్యూటరు తెరపైని ప్రతిదానికీ తెలుగు మాట కోసం రాత్రులు వాదించుకొన్నాం. ఆ శ్రద్ధలో పదో వంతు ఇసుక, సిమెంటుల వైపు మళ్ళితే చాలును. కొత్త మాటలు కూర్చనవసరం కూడ లేదు. క్యూరింగుకు నేను "జలసంస్కారం" అని సమాసం చేయగలను. కాని ఆ మాట వింటే మేస్త్రికి పురోహితుడు గుర్తుకు వస్తాడు. "నీళ్ళు పట్టడం" అనే మాట ఆయన నోటనే ఉన్నది. మన పని మాట సృష్టించడం కాదు, ఉన్న మాటలలో శాస్త్రాన్ని పెట్టడం. స్లాగు సిమెంటు అమ్మేవారు ప్రతి పదిసంచులకు ఒక తెలుగు కరపత్రం ఇవ్వాలని నా కోరిక. అది వచ్చేలోపు, నాకు తోచిన ముసాయిదా ఇది:

1. సంచిపైన ఐ.ఎస్. 455 అని ఉంటే అది స్లాగు సిమెంటు. చిట్టెం కలిసినదని భయపడవద్దు.

2. పోసిన కాంక్రీటుకు 14 రోజులు నీళ్ళు పట్టండి. శ్లాబుపై మడులు కట్టి నీరు నిలపండి. స్తంభాలకు గోనెపట్టాలు చుట్టి తడుపుతూ ఉండండి. ఒకపూట తడిపి ఒకపూట ఎండగట్టడం కూడదు.

3. సెంట్రింగు తీయడానికి తొందరపడవద్దు. ఇంజనీరును అడిగి, మామూలు సిమెంటుకంటె ఎక్కువ గడువు ఇవ్వండి. చలికాలంలో ఇంకా ఆగండి.

4. కాంక్రీటు జారుగా రావాలని నీళ్ళు ఎక్కువ పోయవద్దు. ఎక్కువైన ప్రతి చెంబూ ఒక రంధ్రమై మిగులుతుంది.

5. నల్లగా, బరువుగా ఉన్న ఉక్కు చిట్టెపు కంకరను శ్లాబులో, దూలంలో, స్తంభంలో వేయవద్దు.

6. ఉక్కు పోగు గాని, ప్లాస్టిక్ పోగు గాని చువ్వకు బదులు కాదు. వేస్తే చల్లుతూ వేయండి. గుప్పెళ్ళతో వేస్తే ఉండ కడుతుంది.

ఈ ఆరు వాక్యాలూ అర పుటలో పడతాయి. ఒక ఇంటి ఆయుర్దాయం ఈ అర పుటపైన ఆధారపడి ఉన్నదంటే నమ్మడం కష్టమే గాని, నిజం.

మనలో సివిలు ఇంజనీర్లున్నారు, ఉక్కు కర్మాగారాలలో పనిచేసినవారున్నారు, దేశాంతరాలలో వంతెనలు కట్టించినవారున్నారు. పై ముసాయిదాలో ఏ వాక్యం ఇంకా తేటగా, ఇంకా కచ్చితంగా ఉండాలో వారు వ్యాఖ్యలలో సూచిస్తే సంతోషిస్తాను. తెలంగాణలో, సీమలో, కోస్తాలో మేస్త్రులు వాడే మాటలు వేరువేరుగా ఉంటాయి. మీ ఊరి మాట ఏమిటో కూడ తెలియజేయండి. అవన్నీ కూర్చి, ఏ మేస్త్రి అయినా చదువుకొనేలా పెద్ద అక్షరాలతో ఒక పుట తయారు చేసి ఇక్కడనే ఉంచుతాను. ఎవరైనా ముద్రించుకోవచ్చు, ఎవరికైనా పంచవచ్చు. నా పేరు అక్కరలేదు.

శుభం భూయాత్.